తొవ్వ ముచ్చట్లు – 11: నవ్వుకుంట పక్కకు జరగాల్నా?



ఈ వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తనని పోయిన భాగంల చెప్పిన. అది వచ్చే వారానికి జరిపిన. మధ్యల ఒక మీటింగు అడ్డం పడ్డది. నాలుగు రోజులు అది నన్ను నిద్రపోనియ్యలేదు.

జనవరి వచ్చిందంటే రోడ్డు భద్రత మాసం. బ్యానర్లు, ప్రతిజ్ఞలు, ఫొటోలు. మా దిక్కు ఒక కాలేజీల సైకిల్ మీద వచ్చే పిల్లలను పిలిచి ముందు వరుసల కూసోపెట్టిన్రు. మాట్లాడటానికి వచ్చినాయన మంచి మనిషే, ముందే చెప్తున్న. ఆదివారం పూట హెల్మెట్ పెట్టుకొని, చేతులకు గ్లౌజులు తొడుక్కొని యాభై కిలోమీటర్లు తొక్కొస్తడు. ఆయన చెప్పింది రెండు ముక్కలు. సైకిల్ రోడ్డు అంచునే తొక్కాలె. డ్రైవర్లతోని స్నేహంగ ఉండాలె. వెనుక నుంచి బండి వస్తే చెయ్యి ఊపాలె, నవ్వాలె, తొవ్వ ఇయ్యాలె. "మీరు మర్యాదగ ఉంటే రోడ్డు కూడ మీతోని మర్యాదగ ఉంటది" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను కూడ కొట్టిన, అలవాటు ప్రకారం.

అప్పుడు డిగ్రీ ఫస్టియర్ బిడ్డ ఒకామె లేచింది. రోజూ ఆరు కిలోమీటర్లు తొక్కుకుంట వస్తది. "సార్, అంచున మొరం ఉంటది. డాంబరు మీదికెళ్లి మొరం మీదికి జానెడు దిగుడు ఉంటది. లారీ వచ్చినప్పుడు అంచుకు పోతే చక్రం జారుతది. ఎట్ల సార్?" అని అడిగింది. ఆయన ఆలోచించకుండనే జవాబిచ్చిండు: "దిగి నిలబడాలమ్మా. బండి పోయినాక మళ్ల ఎక్కాలె. ప్రాణం కన్న ఎక్కువనా?"

దిగి నిలబడాలె. ఈ మాట మా ఇంట్ల కొత్తది కాదు.

మా బాపు పదమూడేండ్లప్పుడు సైకిల్ నేర్చుకున్నడు. అద్దె సైకిల్, గంటకు చారానా. కాళ్లు అందకపోతే కడ్డీ సందుల కాలు పెట్టి తొక్కేటోడు. అయితే మా ఊళ్లె గడీ ఉండేది. గడీ మూల మలుపు వచ్చిందంటే మా వాడోడు ఎవడైనా సైకిల్ దిగాలె. చెప్పులు ఉంటే చేతుల పట్టుకోవాలె. గడీ గోడ అయిపోయేదాక సైకిల్‌ను నడిపించుకుంట పోయి, మర్రిచెట్టు దాటినంక ఎక్కాలె. అరుగు మీద దొర ఉన్నా లేకున్నా ఇదే కట్టడి. దొర ఉంటే ఇంకొకటి కలుస్తది: తల వంచి "బాంచెన్" అనాలె, అన్నప్పుడు మొఖం మీద కొంచెం నవ్వు కూడ ఉండాలె. మొఖం మాడ్చుకొని దండం పెడితే అదో పంచాయితీ.

1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. గడీలు ఖాళీ అయినయ్, దొరలు పట్నం పట్టిన్రు. మా బాపు గడీ ముందట మొదటిసారి సైకిల్ మీద గంట కొట్టుకుంట పోయిన ముచ్చట మా ఇంట్ల పండుగ ముచ్చట లెక్క చెప్పుకుంటం. కానీ బాపు చెప్పని ఒక ముచ్చట నేను కండ్లార చూసిన. నా చిన్నతనంల, అంటే గడీ కూలి మట్టిదిబ్బ అయినంక కూడ, ఆ మలుపు దగ్గరికి రాంగనే బాపు కాలు పెడల్ మీద ఒక్క క్షణం ఆగేది. వెనుక క్యారియర్ మీద కూసున్న నాకు ఆ ఆగుడు తెలుస్తుండె.

అందుకే "దిగి నిలబడాలమ్మా" అన్నప్పుడు నా చేతులు చప్పట్ల కాడ ఆగినయ్.

ఇప్పుడు కొందరు అంటరు, "లెక్చరర్ సాబ్, ప్రతిదాంట్ల కులం తెస్తవ్, లారీకి కులం ఉంటదా?" అని. లారీకి ఉండదు. కానీ మన చట్టం చదువున్రి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015ల సవరించిన్రు, 2016 జనవరి 26 నుంచి అమలుల ఉన్నది. మూడో సెక్షన్ల నేరాల జాబితా ఉంటది. దళితులు, ఆదివాసులు బహిరంగ ప్రదేశంల సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండ, తొక్కకుండ అడ్డుకునుడు ఆ జాబితాల ఉన్నది. చెప్పులు తొడుక్కునుడు, కొత్త బట్టలు కట్టుకునుడు, పెండ్లి ఊరేగింపుల గుర్రం ఎక్కుడు కూడ దాని పక్కనే ఉన్నయ్. పార్లమెంటు కూసొని 'సైకిల్' అనే మాటను అత్యాచారాల చట్టంల రాయాల్సి వచ్చింది. ఏ దేశంల ఏ సైకిల్ క్లబ్బుకు ఈ అవసరం వచ్చింది? ఇక్కడ సైకిల్ మీద కూసునుడంటే ఎత్తున కూసునుడు, మనిషి తలకాయ గడీ గోడ మీదికి లేసుడు. దిగుమన్నోళ్లకు కండ్లల్ల పడ్డది అదే.

హారన్ కొట్టిన ప్రతి డ్రైవర్ మీద కేసు పెట్టుమని నేను అంటలేను. లారీ నడిపేటోడు చాలాసార్లు మనోడే ఉంటడు. ట్రిప్పుకు ఇంత అని కూలికి నడిపేటోడు, ఓనర్ ఫోన్ల తొందర చేస్తుంటే నిద్ర లేక కండ్లు ఎర్రబడ్డోడు. నా కోపం అతని మీద కాదు. తొవ్వ మీద ఎవడు జరగాలె, ఎవడు నవ్వాలె అనే కట్టడి మీద.

ఆయన చెప్పిన రెండు ముక్కలను నేను ఊరికెనే తోసెయ్యలేదు, ఒక్కొక్కటి తీసి చూసిన.

ముందుగాల అంచు. సైకిల్ ఎక్కడ తొక్కాలె అనే దాని మీద లోకంల పెద్ద చర్చే ఉన్నది. అమెరికాల జాన్ ఫారెస్టర్ అనే ఇంజనీరు 1970లల్ల దీని మీద పుస్తకమే రాసిండు. సైకిల్ కూడ వాహనమే, తొక్కేటోడు అంచున నక్కొద్దు, డ్రైవర్ లెక్క లేన్ల నడవాలె అని ఆయన వాదం. బ్రిటన్‌ల 2022 జనవరిల రోడ్డు నియమావళిని మార్చిన్రు. బండ్లు మెల్లగ సాగే కాడ, రోడ్డు ఇరుకయ్యే కాడ, చౌరస్తాల దగ్గర సైకిల్‌ను లేన్ నడుమ తొక్కుమన్నరు. జోరు ఉన్న రోడ్ల మీద కూడ అంచు నుంచి కనీసం అర మీటరు ఇవతల ఉండుమన్నరు. సైకిల్‌ను దాటేటోడు కనీసం 1.5 మీటర్ల జాగ వదలాలె అన్నరు. దీని వెనుక సంగతి సాదాసీదాది. నువ్వు అంచున ఉంటే డ్రైవర్ స్టీరింగ్ తిప్పకుండనే సందుల నుంచి దూరిపోవచ్చు అనుకుంటడు, నిన్ను దాటుతున్న అనే సోయే ఉండదు. నువ్వు నడుమ ఉంటే అతను నిన్ను చూడాలె, ఆగాలె, ఎదురుంగ చూసుకోవాలె, అప్పుడు దాటాలె. అంటే నువ్వు ఉన్నవని ముందుగాల ఒప్పుకోవాలె.

మన దగ్గర అంచు ఎట్లుంటదో ఆ పెద్దమనిషికి తెలుసో లేదో. నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగ జగ్దల్‌పూర్ దిక్కు పోతది. ఊరు బయట ఆ రోడ్డు అంచుకు పోతే ఆ బిడ్డ చెప్పిన జానెడు దిగుడు. ఊళ్లెకు వస్తే అంచున ఆగిన ఆటోలు, పండ్ల బండ్లు, మూత పోయిన మోరీలు, ఫంక్షన్ హాలు ముందట రెండు వరుసల కార్లు. పల్లె రోడ్ల మీదికి పోతే ఏడాదికి రెండుసార్లు అంచు అనేదే మాయమైతది. కోతలు అయినంక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, చుట్టూ రాళ్లు పెడ్తరు, రాత్రి నల్ల పరదా కప్పుతరు. రైతును తిట్టలేం. కల్లం లేదు, కొనుగోలు సెంటర్ల జాగ లేదు, తేమ శాతం అని గింజ గింజ లెక్క. కానీ ఆ వడ్ల కుప్పకు సగం రోడ్డు ఇచ్చినం, పెండ్లి కార్లకు ఇచ్చినం, సైకిల్ మీద బడికి పోయే పిల్లకు మాత్రం తెల్లగీత మీద బెత్తెడు జాగ చాలు అంటున్నం.

ఈ రోజుల్ల ఈ ఊళ్లల్ల సైకిల్ మీద ఎవలు పోతున్నరో చూడున్రి. గల్ఫ్ పైసలు వచ్చిన ఇంట్ల బైకు వచ్చింది. పాలోళ్లు టీవీఎస్ ఎక్సెల్‌కు మారిన్రు. సైకిల్ మీద మిగిలినోళ్లు ఎవలంటే పొద్దుగాల ఐదింటికి ఊడ్వబోయే మున్సిపల్ కార్మికులు, ఇనుప సామాను కొనేటోళ్లు, బీహార్ నుంచి కూలికొచ్చిన పిలగాండ్లు, ముసలోళ్లు, బైకు కొనలేని ఇంటి పిల్లలు. వీళ్ల కులాలు నేను చెప్పాల్నా? 2022ల ఈ దేశంల రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయిన్రని కేంద్ర రవాణా శాఖ లెక్క ఇచ్చింది, అందుల 32,825 మంది నడిచిపోయేటోళ్లు. ఏ బండి, ఏ రోడ్డు, ఏ టైము అని అన్ని పట్టికలు ఉన్నయ్. చచ్చినోడు ఏ వాడోడు అనే పట్టిక లేదు.

రెండోది నవ్వు. దీని మీద కూడ పరిశోధన ఉన్నది, మస్తు ఇచ్చంత్రపు పరిశోధన.

ఇంగ్లండ్‌ల బాత్ యూనివర్సిటీల ఇయాన్ వాకర్ అనే సైకాలజీ ఆయన 2006ల తన సైకిల్‌కు దూరం కొలిచే యంత్రం కట్టుకొని తొక్కిండు. రెండు వేలకు పైగా బండ్లు తనను ఎంత దగ్గరికెళ్లి దాటినయో కొలిచిండు. హెల్మెట్ పెట్టుకుంటే డ్రైవర్లు సగటున 8.5 సెంటీమీటర్లు ఇంకా దగ్గరికెళ్లి పోయిన్రు. ఆడమనిషి లెక్క కనవడాలని పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుంటే ఎక్కువ జాగ ఇచ్చిన్రు. ఆ లెక్కల మీద తర్వాత వేరే పరిశోధకులు వాదన పెట్టుకున్నరు, అది వేరే సంగతి. ఇంకో మాట కూడ దాచకుండ చెప్పాలె, ఎందుకంటే అది నా వాదానికి అడ్డం వస్తది: అంచు నుంచి ఎంత ఇవతలికి వస్తే దాటే బండి అంత దగ్గరికెళ్లి పోయిందని కూడ ఆయనకే తేలింది. అంటే నడుమకు వస్తే చాలు, జాగ దానంతట అదే వస్తది అనుకుంటే తప్పు. ఫారెస్టర్ చెప్పినంత తేలిక కాదు.

వాకర్, ఇంకొందరు కలిసి 2014ల ఇంకొకటి అచ్చేసిన్రు. ఒక మనిషి రోజూ పనికి పోయేటప్పుడు ఏడు తీర్ల బట్టలు మార్చుకుంట తొక్కిండు. 5,690 బండ్లు దాటినయ్. కొత్తగ నేర్చుకునేటోడు అని రాసిన బట్టలు, అనుభవం ఉన్నోని బట్టలు, మెరిసే బట్టలు, ఏదీ తేడా తేలేదు. ఒక చొక్కా మీద 'పొలైట్' అని, అంటే మర్యాద అని రాసి ఉన్నది. దానికీ జాగ రాలేదు. ఒక్క చొక్కాకే కొంచెం ఎక్కువ జాగ వచ్చింది. దాని మీద పోలీస్ అనే మాట, వీడియో తీస్తున్నం అనే మాట ఉన్నయ్. మర్యాద అని రాసుకున్నోనికి ఏం రాలేదు, పోలీస్ అని రాసుకున్నోనికి వచ్చింది. నేనీ సంగతి క్లాసుల చెప్తే పిల్లలు నవ్విన్రు. వెనుక బెంచి తమ్ముడు ఒకడు మాత్రం నవ్వలేదు. "మనం పోలీస్ అని రాసుకుంటే ముందు మనల్నే పట్టుకపోతరు సార్" అన్నడు.

అమెరికాల పోర్ట్‌లాండ్‌ల రోడ్డు దాటే నల్లోళ్లను, తెల్లోళ్లను ఒకే తీరు బట్టలతోని నిలబెట్టి చూసిన్రు. నల్లమనిషి ముందట ఆగకుండ పోయిన కార్లు రెండింతలు. ఆయన నిలబడ్డ టైము మూడో వంతు దాక ఎక్కువ. ఆస్ట్రేలియాల 2019ల 442 మందిని అడిగిన్రు. కోతి నుంచి మనిషి దాక ఒక బొమ్మ, పురుగు నుంచి మనిషి దాక ఇంకో బొమ్మ చూపెట్టి, సైకిల్ తొక్కేటోళ్లు ఇందుల ఎక్కడ ఉంటరో పెట్టుమన్నరు. సైకిల్ తొక్కనోళ్లల్ల సగానికి మించి పూర్తి మనిషి కింద పెట్టలేదు. మనిషి కన్న తక్కువ అని పెట్టినోళ్లల్లనే, సైకిలోని మీదికి కావాలని బండి పోనిచ్చినోళ్లు, అడ్డం పెట్టినోళ్లు ఎక్కువ. తెల్లతోలు సైకిలోడు కూడ అక్కడ ఒక పూట పురుగైతడు. ఇంటికి పోయి సైకిల్ మూలకు పెడితే మళ్ల మనిషైతడు. మనం సైకిల్ మూలకు పెట్టినా ఆ బొమ్మల మన జాగ మారలేదు.

వీటన్నిట్ల నాకు తేలింది ఒక్కటే. డ్రైవర్ నువ్వు ఎట్ల ప్రవర్తిస్తున్నవో చూసి జాగ ఇస్తలేడు. నువ్వు ఎవలివో అంచనా కట్టి ఇస్తున్నడు. "వాహనం లెక్క నడిస్తే వాహనం లెక్క చూస్తరు" అనే ఫారెస్టర్ మాట చదివినప్పుడు నాకు ఇంకో మాట యాదికొచ్చింది. "మీరు శుభ్రంగ ఉండి, చదువుకొని, మర్యాదగ మాట్లాడితే ఊరోళ్లు మిమ్మల్ని మనుషుల లెక్క చూస్తరు" అని మాకు వందేండ్ల నుంచి చెప్తున్న మాట. అది ఎంత నిజమో బాబాసాహెబ్‌ను అడుగున్రి.

1929. బొంబాయి సర్కారు అంటరానివాళ్ల బాధల మీద వేసిన కమిటీల ఆయన సభ్యుడు. కొలంబియాల, లండన్‌ల చదివొచ్చిన బారిస్టర్. చాలీస్‌గావ్ స్టేషన్ల దిగిండు. అక్కడి మహర్‌వాడ జనం ఆయనను ఇంటికి పిలుచుకుపోవాలని టాంగా మాట్లాడబోయిన్రు. అంటరానోన్ని ఎక్కించుకొని తోలుడు మా గౌరవానికి తక్కువ అని టాంగావాలాలు ఒప్పుకోలేదు. చివరికి, టాంగా ఇస్తం, తోలుడు మాత్రం మీరే తోలుకోన్రి అన్నరు. తోలుడు రాని మనిషి పగ్గాలు పట్టిండు. కల్వర్టు దగ్గర టాంగా అదుపు తప్పి బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డడు, కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల ఆయనే రాసుకున్నడు. ఆ రోజు ఆయన సూటు వేసుకోలేదా? మర్యాదగ లేడా? నవ్వలేదా? టాంగావాలా చూసింది వాటిల్ల ఏదీ కాదు.

అంతకు ముప్ఫై ఆరేండ్ల ముందు, 1893ల, తిరువాన్కూరుల పులయ కులపు అయ్యంకాళి తెల్లబట్టలు కట్టి, తలపాగ చుట్టి, ఎడ్లబండి కొనుక్కొని, మా కులపోళ్లు నడవొద్దన్న రాజబాట మీద తోలుకుంట పోయిండు. నన్ను పోనియ్యిన్రి అని ఎవరినీ అడుగలేదు. బాట అంచున పోలేదు. ఆయన మీద దాడులు జరిగినయ్, ఆయన మనుషులు తిరిగి కొట్లాడిన్రు, బాట తెరుసుకున్నది. రోడ్డు మీద ఎక్కడ నడవాలె అనే ప్రశ్నకు మన దగ్గర సైకిల్ పుస్తకాల కన్న ముందు పుట్టిన జవాబు ఇది.

ఇంక నా సంగతి. మీటింగ్ అయినంక మూడు వారాలు నేను పొద్దున సైకిల్ తీసిన. కథలాపూర్ దిక్కు పోయే రోడ్డు మీద రోజూ ఎనిమిది కిలోమీటర్లు. ఇది పరిశోధన కాదు, కొలిచే యంత్రం లేదు, ఉన్నవి రెండు కండ్లు. మొదటి వారం ఆ పెద్దమనిషి చెప్పినట్టే అంచున, నవ్వుకుంట. అప్పుడు ఒక సంగతి తట్టి నాకు నేనే తిట్టుకున్న: నిన్ను దాటేటోడు వెనుక నుంచి వస్తడు! అతనికి నీ నవ్వు కనవడదు. నీ వీపు కనవడ్తది. నీ చొక్కా, నీ బ్యాగు, సైకిల్ డొక్కుదా కొత్తదా అనేది కనవడ్తది. మనం మొఖం మీద పూసుకున్న స్నేహమంతా ఎదురుంగ వచ్చేటోనికే, అతనితోని మనకు ఆపదే తక్కువ. ఆ వారం అందరికన్న పైలంగ దాటింది ఆర్టీసీ బస్సులు. అందరికన్న దగ్గరికెళ్లి గీసుకుంట పోయినవి కొత్త కార్లు. ఒక కారాయన దాటినంక అద్దంల చూసి, గుర్తుపట్టి, ఆగి "సార్, మీరా? ఎవడో అనుకున్న" అన్నడు. ఆయన మర్యాద కోసం అన్నడు. ఆ 'ఎవడో' అనే మాట నేను కాలేజీ దాక మోసుకుంట పోయిన.

రెండో వారం అంచు నుంచి ఒక మీటరు ఇవతలికి వచ్చిన. హారన్లు పెరిగినయ్. ఇద్దరు తిట్టిన్రు. కానీ బండ్లు నిమ్మలమైనయ్, మొరం మీదికి దిగాల్సిన పని ఒక్కసారి కూడ పడలేదు. ఒకడు మాత్రం కోపంతోని కావాలనే మోచేయికి తగిలేటంత దగ్గరికెళ్లి పోయిండు. వాకర్ లెక్క తప్పు కాదని ఆ రోజు ఒంటికి తెలిసింది.

మూడో వారం ఇంకొకటి చేసిన. వెనుక బండి చప్పుడు కాంగనే మెడ తిప్పి, డ్రైవర్ కూసున్న దిక్కు సూటిగ చూసిన. నవ్వలేదు, చెయ్యి ఊపలేదు, ఊరికె చూసిన. చూసి మళ్ల ముందుకు తిరిగిన. నమ్మితే నమ్మున్రి లేకుంటే లేదు, మూడు వారాలల్ల అన్నిటికన్న ఎక్కువ జాగ వచ్చింది దీనికే. వీడు నన్ను చూసిండు, వీనికి నేను తెలుసు అనేది అతనికి ఎక్కింది కావచ్చు. మా తాతకు ఊళ్లె ఉన్న కట్టడి ఏందంటే దొర కండ్లల్లకు చూడొద్దు అని.

నవ్వు గురించి ఆ ఫస్టియర్ బిడ్డను అడిగిన. ఆమె జవాబు విన్నంక ఆ మీటింగుల ఉన్న మొగోళ్లం అందరం సిగ్గు పడాలె అనిపించింది. "నవ్వితే ఎంబడి వస్తరు సార్" అన్నది. బైకు మీద ముగ్గురు వచ్చి పక్కపొంటి నడిపి పేరు అడుగుతరు, ఏ ఊరు అంటరు, ఊరు చెప్తే ఏ వాడ అంటరు. వాడ చెప్తే మాట తీరు మారుతది. ఆమె మడ్‌గార్డ్ మీద తమ్ముడు అంటించిన జై భీమ్ స్టిక్కర్ ఉండె. అది చూసినోళ్లు వాడ అడిగే పని కూడ లేకుండ మొదలు పెట్టిన్రట. ఆమె స్టిక్కర్ పీకలేదు. నవ్వుడు బంద్ పెట్టింది. డ్రైవర్లతోని స్నేహంగ ఉండుమని ఆడపిల్లలకు చెప్పేటోళ్లు, ముందుగాల ఒక్క రోజు ఆమె సైకిల్ వెనుక దూరంగ నడవాలె.

స్నేహం వద్దని నేను అంటలేను. ఇసుక టిప్పర్ నడిపే మా దోస్తు ఒకడు నన్ను చూస్తే లైటు కొడ్తడు, నేను గంట కొడ్త. అది స్నేహం. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలుసు, ఇద్దరిట్ల ఎవరూ దిగి నిలబడరు. ఒకడు నిలబడి నవ్వుతుంటే ఇంకొకడు దుమ్ము లేపుకుంట పోయేదాన్ని మా భాషల దండం అంటరు.

నవ్వకపోతే ఏమైతది? కోపం చేస్తే ఏమైతది? దానికి దూరం పోవాల్సిన పని లేదు, సిరిసిల్ల పక్కన నేరెళ్ల ఉన్నది. 2017 జులైల అక్కడ ఇసుక లారీ గుద్ది ఒక మనిషి చచ్చిపోయిండు. ఇసుక లారీల జోరు మీద అప్పటికే కడుపు మండి ఉన్న జనం లారీలకు నిప్పు పెట్టిన్రు. తర్వాత పోలీసులు పట్టుకపోయినోళ్లల్ల ఎక్కువమంది దళితులే. థర్డ్ డిగ్రీ పెట్టి కొట్టిన్రని బాధితులు చెప్పిన్రు. దేశమంతా మాట్లాడింది, లోక్‌సభ మాజీ స్పీకర్ మీరా కుమార్ కూడ వాళ్లను పలకరించడానికి వచ్చిన్రు. డ్రైవర్ కోపం హారన్ అయితది, గాలిల కలిసిపోతది. మన కోపం ఎఫ్ఐఆర్ అయితది. అందుకే నవ్వుమనే సలహా వచ్చిన ప్రతిసారి నాకు దాని వెనుక ఆ కొట్టుడు కనవడ్తది. సలహా ఇచ్చేటోనికి కనవడదు, అది ఆయన తప్పు అని కూడ అనలేను.

ఆయన తప్పు ఇంకొకటి ఉన్నది. హైదరాబాద్‌ల ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉన్నది, 2023 అక్టోబర్ 1న మొదలైంది. మీద సోలార్ కప్పు, ఎండ తగలది, రాత్రి లైట్లు. మా పెద్దమనిషి అక్కడికి పోయి తొక్కొచ్చిన ఫొటోలు మీటింగుల చూపెట్టిండు. ఆదివారం వ్యాయామం చేసేటోనికి ఎండ తగలొద్దని కప్పు వేసిన సర్కారును, పొట్టకూటికీ చదువుకూ తొక్కేటోని కోసం మొరం దిగుడును డాంబరుతోని సమానం చేయుమని ఆయన అడగలేదు. ఆ బిడ్డ అడిగిన ప్రశ్న అదే. రోడ్డు గురించి అడిగితే ఆయన ఆమె నడవడిక గురించి జవాబిచ్చిండు.

పిల్లలకు నేను ఇప్పుడు ఏం చెప్తున్ననో కూడ రాయాలె, లేకుంటే ఇన్‌బాక్సుల అడుగుతరు. హైవే మీద లేన్ నడుమ తొక్కుమని నేను చెప్పను. వెనుక ఎనభై మీద వచ్చే లారీ ముందట నినాదం పనిచెయ్యది, మీ అమ్మకు నేను జవాబు చెప్పలేను. హైవే మీద డాంబరు అంచుకు రెండు జానల ఇవతల, ఊగకుండ, తిన్నగ. మొరం మీదికి ఎగబడి దిగుడు, మళ్ల ఎక్కుడు అన్నిటికన్న ఆపద, చక్రం జారేది అక్కడనే. ఊళ్లెకు వచ్చినంక, బండ్లు మెల్లగైన కాడ, ఆగిన ఆటోల పక్కన తలుపు తెరిస్తే తగలనంత ఇవతల. కల్వర్టు మీద, ఇరుకు మలుపు కాడ, వడ్లు పోసిన కాడ ముందుగాలనే వెనక్కి చూసి, చెయ్యి చాపి, నడుమకు రావాలె, దాటినంక మళ్ల జరగాలె. చీకటి పడ్డంక వెనుక ఎర్ర లైటు లేకుండ ఎక్కొద్దు. నలుగురు కలిసి రావాలె. గుంపు కనవడ్తది, ఒంటరి కనవడదు.

ఆ బిడ్డ, ఇంకో పదకొండు మంది కలిసి మొన్న సోమవారం ఒక దరఖాస్తు రాసిన్రు. ఏ ఊరికాడికెళ్లి ఏ మలుపు దాక దిగుడు ఎన్ని బెత్తెలు ఉన్నదో స్కేలు పెట్టి కొలిచి, ఫొటోలు తీసి జత చేసిన్రు. "విన్నవించుకుంటున్నాము" అని నేను దిద్దితే ఆమె కొట్టేసి "కోరుతున్నాము" అని పెట్టింది. తెలుగు పాఠం చెప్పేటోన్ని, ఏమనలేకపోయిన. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు జగిత్యాల కలెక్టరేట్ల ఇస్తున్నరు. సైకిళ్ల మీదనే పోతమంటున్నరు. తోడు రావాలనుకునేటోళ్లు గాలి చూసుకొని ఆరున్నరకల్ల మా కాలేజీ గేటు కాడికి రాన్రి. వెనుక ఎర్ర లైటు మర్చిపోవద్దు, తిరిగొచ్చేటాలకు చీకటైతది.